ఇ.సి. భయానక కామిక్స్

ఇ.సి. భయానక కామిక్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1950 నుండి 1955 వరకు వెలువడిన బొమ్మల కథల పత్రికలు. న్యూయార్క్ నగరానికి చెందిన ఎంటర్‌టైనింగ్ కామిక్స్ (సంక్షిప్తంగా ఇ.సి.) అనే సంస్థ వీటిని ప్రచురించింది. "టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్", "ద వాల్ట్ ఆఫ్ హారర్", "ద హాంట్ ఆఫ్ ఫియర్" అనే మూడు పత్రికలు వీటిలో ముఖ్యమైనవి. పాపం చేసినవాడు చట్టానికి దొరకకపోయినా, చివరకు తన పాపానికి సరిగ్గా తగిన శిక్షనే అనుభవించడం ఈ కథల ప్రధాన లక్షణం. అయినప్పటికీ ఇవి పిల్లలను నేరాల వైపు మళ్ళిస్తున్నాయనే ఆరోపణ బలంగా వచ్చింది. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. ఆ తరువాత కొద్ది నెలలలోనే ఈ పత్రికలు నిలిచిపోయాయి. అయిదేళ్ళపాటే నడిచినా, ఆ తరువాతి అమెరికా భయానక సాహిత్యంపైన, చలనచిత్రాలపైన వీటి ప్రభావం చాలా ఎక్కువ.

నేపథ్యం

అమెరికాలో కామిక్స్ అనబడే బొమ్మల కథల పుస్తకాలు 1930 దశకంలో వ్యాప్తిలోకి వచ్చాయి. దినపత్రికలలో వచ్చే బొమ్మల కథలను ఒకచోట కూర్చి చిన్న పుస్తకంగా అమ్మవచ్చునని గుర్తించిన తొలివారిలో మాక్స్ గెయిన్స్ (1894-1947) ఒకడు. ఇతడు 1944లో ఎడ్యుకేషనల్ కామిక్స్ అనే సంస్థను స్థాపించాడు. పేరుకు తగినట్లుగానే బైబిలు కథలు, అమెరికా చరిత్ర, విజ్ఞానశాస్త్రం వంటి విషయాలను బొమ్మల ద్వారా పిల్లలకు బోధించడం దీని ఉద్దేశం. ఈ పుస్తకాలు సదుద్దేశంతో వచ్చినవే గాని లాభాలు తెచ్చిపెట్టలేదు.

1947 ఆగస్టు 20న లేక్ ప్లాసిడ్ సరస్సులో జరిగిన మోటారు పడవ ప్రమాదంలో మాక్స్ గెయిన్స్ మరణించాడు. అప్పటికి ఆయన కుమారుడు విలియం గెయిన్స్ (1922-1992) రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు కావాలనే కోరికతో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. ఇష్టం లేకపోయినా తండ్రి సంస్థ బాధ్యత ఇతనిపై పడింది. విలియం గెయిన్స్ సంస్థ పేరులోని "ఎడ్యుకేషనల్" అనే మాటను తొలగించి "ఎంటర్‌టైనింగ్" అని మార్చాడు. విద్యాబోధన కొరకు పుట్టిన సంస్థ వినోదం వైపు తిరగడానికి ఇది నాంది. మొదట్లో ఆ కాలపు వాడుక ప్రకారం పశువుల కాపరుల సాహసాలు, నేరపరిశోధన, ప్రేమకథలు ప్రచురించేవారు. 1948లో ఆల్ ఫెల్డ్‌స్టీన్ (1925-2014) అనే యువ చిత్రకారుడు సంస్థలో చేరాడు. ఇతడు త్వరలోనే రచయిత, సంపాదకుడు కూడా అయ్యాడు.

భయానక కథలను బొమ్మలలో చెప్పడం ఇ.సి.తోనే మొదలు కాలేదు. ఏవన్ సంస్థ 1947లో ప్రచురించిన "ఈరీ కామిక్స్"ను పూర్తిగా భయానక కథలతో వచ్చిన తొలి కామిక్‌గా పరిగణిస్తారు. 1948లో అమెరికన్ కామిక్స్ గ్రూప్ వారి "అడ్వెంచర్స్ ఇంటు ది అన్‌నోన్" ఈ కోవలో క్రమం తప్పక వెలువడిన మొదటి పత్రిక. అయితే గెయిన్స్, ఫెల్డ్‌స్టీన్‌లకు అసలు ప్రేరణ చిన్ననాడు విన్న రేడియో నాటకాలు. "ద విచెస్ టేల్", "లైట్స్ అవుట్", "ఇన్నర్ శాంక్టమ్" వంటి ధారావాహికలను అప్పటి పిల్లలు దీపాలు ఆర్పి వినేవారు. వాటిలో కొన్నింటిలో ఒక వింత కంఠం ముందుగా పలకరించి కథలోకి తీసుకువెళ్ళేది. ఆ పద్ధతినే వీరిద్దరూ బొమ్మల కథలకు అన్వయించారు.

ముఖ్యమైన పత్రికలు

నేరకథల పత్రికలైన "క్రైమ్ పెట్రోల్", "వార్ అగెయినెస్ట్ క్రైమ్"లలో ప్రయోగాత్మకంగా ఒక్కొక్క భయానక కథ వేసి చూచారు. పాఠకుల ఆదరణ లభించడంతో 1950లో ఈ క్రింది పత్రికలను ఆరంభించారు. ఇవి రెండు నెలలకు ఒకసారి వెలువడేవి. వెల 10 సెంట్లు.

* టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్: క్రిప్ట్ అనగా శవపేటికలను ఉంచే నేలమాళిగ. "క్రైమ్ పెట్రోల్" పత్రికే పేరు మార్చుకొని మొదట మూడు సంచికలు "ద క్రిప్ట్ ఆఫ్ టెర్రర్" అనే పేరుతోను, తరువాత ఈ పేరుతోను వచ్చింది. చివరిదైన 46వ సంచిక 1955 ఆరంభంలో వెలువడింది.
* ద వాల్ట్ ఆఫ్ హారర్: "వార్ అగెయినెస్ట్ క్రైమ్" దీనిగా మారింది. 12వ సంఖ్యతో మొదలై 40వ సంఖ్యతో ముగిసింది.
* ద హాంట్ ఆఫ్ ఫియర్: ఇది "గన్‌ఫైటర్" అనే పత్రిక స్థానంలో వచ్చింది. మొత్తం 28 సంచికలు వెలువడ్డాయి.

కొత్త పత్రిక మొదటి సంచిక 12వ సంఖ్యతోనో 15వ సంఖ్యతోనో మొదలు కావడం నేటి పాఠకులకు వింతగా తోస్తుంది. పాత పత్రిక పేరు మార్చి, సంఖ్యల క్రమాన్ని కొనసాగించడం ఆనాటి ప్రచురణకర్తలలో సాధారణం.

కథలు చెప్పేవారు

మూడు పత్రికలకు ముగ్గురు కథకులు ఉండేవారు. "క్రిప్ట్ కీపర్", "వాల్ట్ కీపర్" అనేవారు నేలమాళిగలను కాపలా కాసే వికృతరూపులైన ముసలివారు. మూడవది "ఓల్డ్ విచ్" అనే మంత్రగత్తె. ప్రతి సంచికలోనూ ముగ్గురి కథలూ ఉండేవి. ఎవరి పత్రికలో వారు పెద్దలు, మిగిలినవారు అతిథులు. కథ మొదట పాఠకుని పలకరించడం, చివర శవాలపైన, సమాధులపైన శ్లేషలతో వెకిలి నవ్వు నవ్వడం, తోటి కథకులను ఎగతాళి చేయడం వీరి పని. ఎంత ఘోరమైన కథ అయినా, "ఇది కథ మాత్రమే" అనే స్పృహను వీరి హాస్యం పాఠకునికి కలిగించేది. భారతీయ అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే భయానక, బీభత్స రసాలకు హాస్యాన్ని జోడించడం ఈ కామిక్స్ ప్రత్యేకత.

శవాన్ని ఆవహించిన బేతాళుడు విక్రమార్కునికి కథలు చెప్పడం తెలుగు పాఠకులకు సుపరిచితం. అయితే బేతాళుడు కథ ముగించి ధర్మసందేహాన్ని వినేవాని ముందుంచుతాడు. ఇ.సి. కథకులు ఏ సందేహమూ మిగల్చరు. తీర్పు కథలోనే అమలైపోతుంది.

కథల తయారీ

శరీరపు బరువు తగ్గడానికి వాడిన మందుల వలన గెయిన్స్‌కు రాత్రులు సరిగా నిద్ర పట్టేది కాదు. ఆ సమయంలో ఇతడు భయానక, విజ్ఞానకల్పనా కథలను విస్తారంగా చదివి, తోచిన ఊహలను చిన్న కాగితాల మీద వ్రాసుకునేవాడు. మరునాడు ఫెల్డ్‌స్టీన్‌తో కూర్చొని వాటిలో ఒకదానిని ఎన్నుకొనేవాడు. ఫెల్డ్‌స్టీన్ దానిని పెంచి, బొమ్మలు వేయవలసిన అట్టల మీదనే నేరుగా కథనం, సంభాషణలు వ్రాసేవాడు. ఈ విధంగా దాదాపు రోజుకొక కథ తయారయ్యేది. అచ్చుమూసను ఉపయోగించి అక్షరాలు నింపిన తరువాత ఆ అట్టలు చిత్రకారునికి చేరేవి. అందువలన ఈ కథలలో బొమ్మలతో సమానంగా వాక్యాలు కూడా కనిపిస్తాయి. ఒక్కొక్క కథ సాధారణంగా ఆరు నుండి ఎనిమిది పేజీలు, ఒక్కొక్క సంచికలో నాలుగు కథలు ఉండేవి.

ఆరంభంలో కొన్ని కథలకు ఇతర రచయితల రచనలను అనుమతి లేకుండానే వాడుకున్నారు. ప్రసిద్ధ రచయిత రే బ్రాడ్‌బరీ 1952లో తన రెండు కథలను కలిపి ఒకే కథగా ప్రచురించడం గమనించాడు. అయితే ఆయన దావా వేయలేదు. పారితోషికం పంపడం మరచిపోయినట్లున్నారని గుర్తుచేస్తూ మర్యాదగా ఉత్తరం వ్రాశాడు. గెయిన్స్ వెంటనే డబ్బు పంపాడు. ఆ తరువాత బ్రాడ్‌బరీ అనుమతితో, ఆయన పేరుతోనే అనేక కథలు ఇ.సి. పత్రికలలో వచ్చాయి.

కథల స్వభావం

"చేసుకున్నవారికి చేసుకున్నంత" అనే సామెత ఈ కథలలో అధికభాగానికి సరిపోతుంది. దురాశాపరుడైన వ్యాపారి, భార్యను చంపిన భర్త, భర్తను చంపిన భార్య, బలహీనులను హింసించే అధికారి వంటివారు ఇందులోని ప్రధాన పాత్రలు. వీరి నేరాన్ని పోలీసులు గాని, న్యాయస్థానం గాని కనిపెట్టరు. చివరి పేజీలో చనిపోయినవాడే సమాధి నుండి లేచి వస్తాడు. లేదా నేరస్థుడు పన్నిన ఉపాయమే అతని మెడకు చుట్టుకుంటుంది. ఉదాహరణకు కొన్ని కథలు:

* పొయెటిక్ జస్టిస్ (హాంట్ ఆఫ్ ఫియర్ 12, 1952): పాత సామాను ఏరుకొని బ్రతికే మంచి వృద్ధుని, అతడు తమ వీధికి తగడనే కారణంతో ధనికులైన పొరుగువారు వేధిస్తారు. ప్రేమికుల దినోత్సవం నాడు అతనికి నిందలతో నిండిన కార్డులు పంపుతారు. మనసు విరిగిన వృద్ధుడు ఉరి వేసుకుంటాడు. ఏడాది తరువాత అదే రోజున సమాధి నుండి లేచి వచ్చి ప్రతీకారం తీర్చుకుంటాడు. ఆ ఉదయం పొరుగువారి ఇంట దొరికిన కార్డులో పద్యంతో పాటు మనిషి గుండె ఉంటుంది.
* అండ్ ఆల్ త్రూ ద హౌస్ (వాల్ట్ ఆఫ్ హారర్ 35, 1954): క్రిస్మస్ ముందటి రాత్రి ఒక స్త్రీ భర్తను చంపుతుంది. అదే సమయంలో పిచ్చాసుపత్రి నుండి తప్పించుకున్న హంతకుడొకడు శాంటాక్లాస్ వేషంలో ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు. ఇంట్లో శవం ఉన్నందున ఆమె పోలీసులను పిలవలేదు. తలుపులన్నీ బిగించి ఊపిరి పీల్చుకునేలోగా, శాంటాక్లాస్ వచ్చాడని సంతోషించిన ఆమె చిన్న కూతురు అతనిని లోపలికి తీసుకువస్తుంది.
* బ్లైండ్ ఆలీస్ (టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్ 46, 1955): అంధుల ఆశ్రమ అధికారి తాను విలాసంగా బ్రతుకుతూ ఆశ్రమవాసులను ఆకలికి, చలికి వదలివేస్తాడు. అంధులు ఓపికగా ఒక ఇరుకైన నడవను కట్టి, దాని గోడలకు బ్లేడులు అమర్చి, ఆకలిగొన్న అతని కుక్కతో సహా అందులోకి వదలి దీపాలు ఆర్పివేస్తారు.
* ఫౌల్ ప్లే (హాంట్ ఆఫ్ ఫియర్ 19, 1953): బేస్‌బాల్ ఆటలో ప్రత్యర్థిని విషం పూసిన బూటు మేకులతో గీరి చంపిన ఆటగానిని, మృతుని జట్టువారు అర్ధరాత్రి మైదానానికి రప్పించి చంపుతారు. అతని అవయవాలనే బంతిగా, బ్యాటుగా ఉపయోగించి ఆట ఆడతారు.

చివరి ఉదాహరణను బట్టి ఈ పత్రికలపై వచ్చిన అభ్యంతరాలు పూర్తిగా నిరాధారమైనవి కావని తెలుస్తుంది. కథలో నీతి ఉన్నా, దానిని చూపిన తీరు జుగుప్సాకరం. పది సెంట్లు ఉన్న ఏ పిల్లవాడైనా దీనిని కొనుక్కోగలిగేవాడు.

చిత్రకారులు

ఇ.సి. సంస్థ చిత్రకారులను ఒకే ముద్రలో వేయమని నిర్బంధించలేదు. ఎవరి శైలి వారిదే. బొమ్మ క్రింద సంతకం చేసుకొనే స్వేచ్ఛ కూడా ఉండేది.

జానీ క్రెయిగ్ "వాల్ట్ ఆఫ్ హారర్"కు ప్రధాన చిత్రకారుడు. తన కథలను చాలావరకు తానే వ్రాసుకునేవాడు. శుభ్రమైన గీతలతో మామూలు ఇళ్ళను, మామూలు మనుషులను చిత్రించి, భయాన్ని చివరి వరకు దాచి ఉంచడం ఇతని పద్ధతి. "ఓల్డ్ విచ్" బొమ్మలు వేసిన గ్రాహం ఇంగెల్స్ "ఘాస్ట్లీ" (భీకరుడు) అని సంతకం చేసేవాడు. కుళ్ళిన శవాలు, బూజు పట్టిన భవనాలు, లాలాజలం కారే నోళ్ళు చిత్రించడంలో ఇతనిని మించినవారు లేరు. "క్రిప్ట్ కీపర్"ను చిత్రించిన జాక్ డేవిస్ బొమ్మలలో ఘోరంతో పాటు వ్యంగ్యం తొంగిచూస్తుంది. వీరు గాక జాక్ కామెన్, జార్జ్ ఈవాన్స్, రీడ్ క్రాండల్, వాలీ వుడ్, జో ఒర్లాండో, బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ మొదలైనవారు పనిచేశారు. రంగులు నింపే బాధ్యతను మేరీ సెవెరిన్ నిర్వహించింది.

భయానక పత్రికలతో పాటు ఇ.సి. సంస్థ "వియర్డ్ సైన్స్", "వియర్డ్ ఫాంటసీ" అనే విజ్ఞానకల్పనా పత్రికలను, "క్రైమ్ సస్పెన్‌స్టోరీస్", "షాక్ సస్పెన్‌స్టోరీస్" పత్రికలను నడిపింది. షాక్ సస్పెన్‌స్టోరీస్‌లో జాతి వివక్ష, మూకహత్యలు, యూదుల పట్ల ద్వేషం వంటి సామాజిక విషయాలపై కథలు వచ్చాయి. హార్వీ కర్ట్‌జ్‌మన్ సంపాదకత్వంలో యుద్ధకథల పత్రికలు, 1952లో "మాడ్" అనే హాస్యపత్రిక ప్రారంభమయ్యాయి.

వ్యతిరేకత, సెనేట్ విచారణ

కామిక్స్ పట్ల వ్యతిరేకత రెండవ ప్రపంచయుద్ధం తరువాత పెరిగింది. 1948లో కొన్ని పట్టణాలలో పాఠశాలలు, మతసంస్థల ఆధ్వర్యంలో పిల్లలచేతనే కామిక్స్ పుస్తకాలను కుప్పపోయించి తగులబెట్టించారు. ఇ.సి. విజయాన్ని చూచి అనేక ఇతర సంస్థలు భయానక పత్రికలు మొదలుపెట్టాయి. వాటిలో చాలావాటికి రక్తపాతమే తప్ప కథ ఉండేది కాదు.

మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థామ్ (1895-1981) ఈ ఉద్యమానికి నాయకుని వంటివాడు. ఇతడు 1946లో న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతంలో పేద నల్లజాతి రోగుల కొరకు లఫార్గ్ క్లినిక్‌ను ఆరంభించినవారిలో ముఖ్యుడు. పాఠశాలలలో జాతుల వేర్పాటు పిల్లల మనసులకు చేసే హాని గురించి ఇతడు ఇచ్చిన సాక్ష్యం ఆ వేర్పాటుకు వ్యతిరేకంగా జరిగిన న్యాయపోరాటంలో ఉపయోగపడింది. తన వద్దకు వచ్చిన బాలనేరస్థులందరూ కామిక్స్ చదువుతున్నట్లు గమనించిన వర్థామ్, నేరానికి అవి ఒక ముఖ్య కారణమనే నిర్ణయానికి వచ్చాడు. 1954లో "సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్" అనే గ్రంథాన్ని ప్రచురించాడు. పైన చెప్పిన "ఫౌల్ ప్లే" కథలోని బొమ్మలు అందులో ఉదాహరణగా చోటుచేసుకున్నాయి. ఆ కాలంలో అమెరికాలో పిల్లలందరూ కామిక్స్ చదివేవారు గనుక, నేరం చేసినవారు కూడా చదవడం దేనికీ రుజువు కాదని విమర్శకులు వాదించారు.

బాలనేరాలపై ఏర్పడిన సెనేట్ ఉపసంఘం 1954 ఏప్రిల్ 21, 22 తేదీలలోను, జూన్ 4న న్యూయార్క్‌లో విచారణ జరిపింది. గెయిన్స్ తనంతట తానుగా ఏప్రిల్ 21న సాక్ష్యం ఇచ్చాడు. సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ క్రైమ్ సస్పెన్‌స్టోరీస్ 22వ సంచిక ముఖచిత్రాన్ని చూపాడు. దానిపై ఒక చేతిలో గొడ్డలి, మరొక చేతిలో స్త్రీ తల పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్నది. ఇది సదభిరుచియేనా అని ప్రశ్నించగా, భయానక పత్రిక ముఖచిత్రంగా సదభిరుచియేనని గెయిన్స్ బదులిచ్చాడు. తలను ఇంకా పైకెత్తి, తెగిన మెడ నుండి రక్తం కారుతున్నట్లు చూపితే అది అభిరుచి తప్పినట్లని వివరించాడు. ఈ సమాధానం మరునాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకి ఎక్కింది. తన పాఠకులు మంచిచెడ్డలు తెలిసినవారని గెయిన్స్ చేసిన అసలు వాదన మరుగున పడి, ఈ ఒక్క మాటే ప్రజల మనసులలో నిలిచిపోయింది.

1955లో వెలువడిన ఉపసంఘం నివేదిక ప్రభుత్వ సెన్సారును కోరలేదు. ప్రచురణకర్తలే బాధ్యత వహించాలని సూచించింది. కాని అప్పటికే వ్యాపారం దెబ్బతిన్నది. దుకాణదారులు ఇ.సి. కట్టలను విప్పకుండానే తిప్పి పంపసాగారు. 1954 సెప్టెంబరులో గెయిన్స్ తన భయానక, నేరకథల పత్రికలను నిలిపివేస్తున్నట్లు ప్రకటించాడు.

కామిక్స్ నియమావళి

ప్రచురణకర్తలు 1954లో ఒక సంఘంగా ఏర్పడి, అక్టోబరులో "కామిక్స్ కోడ్" అనే నియమావళిని ఆమోదించారు. న్యూయార్క్ మేజిస్ట్రేటు ఛార్లెస్ మర్ఫీ దీని అమలుకు అధికారి. పత్రికల పేర్లలో "హారర్", "టెర్రర్" అనే పదాలు వాడరాదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు, తోడేలు మనుషులు కథలలో కనిపించరాదు. ప్రతి కథలోనూ మంచి చెడుపై గెలవాలి. ఈ నియమాలు పాటించిన పత్రికలకు ఆమోదముద్ర లభించేది. ముద్ర లేని పత్రికలను పంపిణీదారులు తీసుకునేవారు కాదు. ఇది చట్టం కాకపోయినా చట్టమంత బలంగా పనిచేసింది.

గెయిన్స్ కొంతకాలం ఎదిరించి, చివరకు సంఘంలో చేరాడు. భయానక కథలు లేని కొత్త పత్రికలు ప్రారంభించాడు. ఈ దశలో జరిగిన ఒక ఘటన చాలా ప్రసిద్ధమైనది. 1953లో వచ్చిన "జడ్జిమెంట్ డే" అనే కథను "ఇన్‌క్రెడిబుల్ సైన్స్ ఫిక్షన్" 33వ సంచికలో పునర్ముద్రించాలని తలపెట్టారు. నారింజ, నీలి రంగుల మరమనుషులున్న ఒక గ్రహాన్ని భూలోక ప్రతినిధి పరిశీలించడానికి వస్తాడు. రంగు తప్ప వేరే భేదం లేకపోయినా అక్కడ నీలివారిని హీనంగా చూడడం గమనించి, ఈ గ్రహం నాగరిక లోకంలో చేరడానికి ఇంకా అర్హం కాదని తీర్పు చెబుతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీయగా అతడు నల్లజాతీయుడని పాఠకునికి తెలుస్తుంది. ఈ ఒక్క బొమ్మలోనే కథ సారమంతా ఉన్నది. ఆ వ్యక్తిని తెల్లవానిగా మార్చాలని మర్ఫీ కోరాడు. అంగీకరించకపోవడంతో, కనీసం అతని ముఖం మీది చెమట బిందువులనైనా తీసివేయమన్నాడు. గెయిన్స్ రెండింటినీ తిరస్కరించి, కథను యథాతథంగా ప్రచురించాడు. 1956 ఆరంభపు తేదీతో వచ్చిన ఈ సంచికే ఇ.సి. ప్రచురించిన చివరి కామిక్ పుస్తకం. రక్తపాతం నుండి పిల్లలను కాపాడడానికి ఏర్పడిన నియమావళి, ఒక్క రక్తపు చుక్క కూడా లేని కథను అడ్డుకోబూనడం సెన్సారు గురించిన చర్చలలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది.

పునఃపరిశీలన

వర్థామ్ వ్రాతప్రతులు 2010లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కారొల్ టిల్లీ వాటిని పరిశీలించి, గ్రంథంలోని ఉదాహరణలకు, అసలు రికార్డులకు మధ్య తేడాలున్నట్లు 2012లో వెల్లడించింది. కొందరు పిల్లల వయసులు మార్చడం, వేరువేరు పిల్లల మాటలను ఒకరివిగా కూర్చడం, కుటుంబ హింస వంటి ఇతర కారణాలను వదలివేయడం ఆమె గుర్తించిన లోపాలలో కొన్ని. అయితే వర్థామ్ కోరినది కామిక్స్ కోడ్ కాదు. నేరకథల కామిక్స్‌ను పిల్లలకు అమ్మడాన్ని చట్టం ద్వారా నిషేధించాలని మాత్రమే ఆయన కోరాడు. నియమావళి వలన ప్రయోజనం లేదని ఆయన కూడా విమర్శించాడు.

కామిక్స్ కోడ్ 1971లో సడలించబడింది. 2011లో చివరి ప్రచురణ సంస్థలు కూడా దానిని వదలివేయడంతో అంతరించింది.

ప్రభావం

మిగిలిన పత్రికలన్నీ పోయినా "మాడ్" మిగిలింది. 1955లో దానిని కామిక్ పుస్తకం రూపం నుండి పెద్ద పత్రికగా మార్చడం వలన కామిక్స్ కోడ్ దానికి వర్తించలేదు. గెయిన్స్ మరణించేవరకు దాని ప్రచురణకర్తగా ఉన్నాడు. ఫెల్డ్‌స్టీన్ దీర్ఘకాలం దానికి సంపాదకత్వం వహించాడు.

గెయిన్స్ తన చిత్రకారుల మూలచిత్రాలను భద్రపరచడం వలన, 1970 దశకం చివరి నుండి రస్ కోక్రన్ అనే ప్రచురణకర్త ఇ.సి. పత్రికలన్నింటినీ మేలైన ముద్రణలో సంపుటాలుగా తీసుకురాగలిగాడు. 1972లో ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ దర్శకత్వంలో బ్రిటన్‌లో "టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్" చలనచిత్రం వచ్చింది. ఇందులోని అయిదు కథలలో పొయెటిక్ జస్టిస్, అండ్ ఆల్ త్రూ ద హౌస్, బ్లైండ్ ఆలీస్ ఉన్నాయి. 1982లో రచయిత స్టీఫెన్ కింగ్, దర్శకుడు జార్జ్ రొమేరో కలిసి తీసిన "క్రీప్‌షో" ఈ కామిక్స్‌కు నివాళి. 1989 నుండి 1996 వరకు హెచ్.బి.ఓ. టెలివిజన్‌లో టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్ ధారావాహిక 93 భాగాలుగా ప్రసారమయింది. ఇందులో తోలుబొమ్మ వంటి క్రిప్ట్ కీపర్‌కు జాన్ కాసిర్ గాత్రదానం చేశాడు. 2024లో ఓనీ ప్రెస్ సంస్థ "ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్" అనే కొత్త పత్రికతో ఇ.సి. పేరును పునరుద్ధరించింది.

విశేషాలు

* బైబిలు కథలు ప్రచురించడానికి తండ్రి స్థాపించిన సంస్థే కుమారుని కాలంలో దేశంలోకెల్లా అపఖ్యాతి పొందిన కామిక్స్ సంస్థ అయింది.
* ఇ.సి. అభిమానుల కొరకు 1953లో "ఫాన్-అడిక్ట్ క్లబ్" అనే సంఘం ఏర్పడింది.
* ఈ తరహా కామిక్స్‌ను ఉద్దేశించి బ్రిటన్ పార్లమెంటు 1955లో పిల్లలకు హానికరమైన ప్రచురణలను నిషేధించే చట్టం చేసింది.
* నియమావళి కాలంలో వచ్చిన "ఇంపాక్ట్" మొదటి సంచికలో (1955) బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ చిత్రించిన "మాస్టర్ రేస్" కథ, నాజీ నిర్బంధ శిబిరాలను ప్రస్తావించిన తొలి కామిక్ కథలలో ఒకటి. కామిక్స్ కళలో ఉత్తమమైన రచనలలో దీనిని ఒకటిగా విమర్శకులు పరిగణిస్తారు.